అడుగుజాడల నటన

మోండా మార్కెట్ ఇరుకు సందుల్లో బస్తా మోసే హమాలీ నేల చూస్తూ నడవడు. తడి ఎక్కడుందో, రాయి ఎక్కడ అరిగిందో పాదానికే తెలుసు. చూపు మాత్రం జనం మీద ఉంటుంది. ఆస్ట్రేలియా ఆదివాసీ నటుడు డేవిడ్ గుల్పిలిల్ తెరమీద నడిచే తీరు అలాంటిది. ఆయన నటనంతా ఆ నడక మీదే నిలబడింది.

ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో, యోల్‌ంగు ప్రజల్లో పుట్టిన గుల్పిలిల్ వేట, జాడ పట్టడం, నాట్యం నేర్చుకుంటూ పెరిగారు. 1971లో వచ్చిన తొలి చిత్రం ‘వాకబౌట్’లో ఎండిన మడుగులో బోలు కాడ దించి నీళ్లు పీల్చి చూపిస్తారు. చేతుల్లో తడబాటు లేదు, ప్రదర్శన లేదు. కెమెరా కోసం నేర్చుకున్న పని కాదు కాబట్టే ఆ సహజత్వం.

తర్వాత కళ్లు. 2002 నాటి ‘రాబిట్ ప్రూఫ్ ఫెన్స్’లో పారిపోయిన పిల్లల జాడ తీసే మూడూ పాత్రకు మాటలు అతి తక్కువ. గుల్పిలిల్ ముందు నేలను చూస్తారు, ఆగుతారు, ఆపైన దూరానికి చూపు సారిస్తారు. జాడ దాచిన పిల్ల తెలివిపై మూడూకు కలిగే గౌరవం ఆ చిన్న విరామంలోనే మనకు అందుతుంది. అదే ఏడాది ‘ది ట్రాకర్’లో గుర్రాల మీది తెల్లవాళ్లకు ముందు కాలినడకన సాగుతారు. పైకి విధేయత, లోపల వేరే లెక్క. రెండూ ఒకే ముఖంలో కనిపిస్తాయి.

ఆ తర్వాత గొంతు. 2006లో ‘టెన్ కెనూస్’ కథ చెప్పింది ఆయనే. వినేవాణ్ని ఊరిస్తూ, కథను ఆపుతూ, నవ్వుతూ మళ్లీ అందుకుంటారు.

ఇవన్నీ ఒకచోట చేరింది ‘చార్లీస్ కంట్రీ’లో. దర్శకుడు రాల్ఫ్ డి హీర్‌తో కలిసి గుల్పిలిల్ రాసిన కథ అది. అడవికి తిరిగి వెళ్లిన చార్లీ నడకలో హుషారు, జైల్లో జుట్టు తీసేస్తుంటే ముఖంలో కదలని బాధ, చివర పిల్లలకు నాట్యం నేర్పేటప్పుడు ఒంట్లో మళ్లీ లయ. 2014లో కాన్ ఉత్సవంలోని ‘అన్ సర్టెన్ రిగార్డ్’ విభాగంలో ఉత్తమ నటుడి పురస్కారం దానికే దక్కింది.

2021లో గుల్పిలిల్ కన్నుమూశారు. 2022లో మన ‘ఆర్ఆర్ఆర్’లో గోండు వీరుడు కొమురం భీముడిగా ఎన్టీఆర్ కనిపించారు. గుల్పిలిల్ పనితనం తెలిశాక, అడవి దారులు నడిచి పెరిగిన గోండు నటుడొకరు అలాంటి పాత్ర చేస్తే చూడాలని మనసారా కోరుకుంటాం. నేల ఇచ్చిన విద్య నటనకు ఎంత బలమో గుల్పిలిల్ యాభై ఏళ్ల పాటు నిరూపించారు.