పల్లం లేని దారి

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానను దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్ వాళ్ళు ఇంకా మరిచిపోలేదు. హయత్‌నగర్ వైపు ఒక్క రోజులోనే 30 సెంటీమీటర్లకు దగ్గరగా పడింది. మర్నాడు కోదండరాం నగర్ వీధుల్లో పడవలు తిరిగాయి. నడుము లోతు నీళ్ళలో నిలబడి చూస్తుండగా నా ముందే ఒక పడవ ఇంజన్ ఆగిపోయింది. అందులో ఒక పెద్దావిడ ఒళ్ళో మందుల సంచి పెట్టుకుని కూర్చుంది. ఇంజన్ నీళ్ళు పీల్చుకునే జల్లెడకు పాలిథిన్ కవరు అతుక్కుపోయింది. చల్లబరిచే నీరు అందక పంపులోని రబ్బరు చక్రం మాడిపోయింది. ఇంపెల్లర్ అంటాం దాన్ని. అరచేతిలో ఇమిడిపోతుంది. పొడిగా తిరిగితే నిమిషం కూడా తట్టుకోదు. చివరికి మా వీధి కుర్రాళ్ళు తాడు కట్టి ఆ పడవను లాక్కెళ్ళారు.

ఎల్బీ నగర్ దాటాక, విజయవాడ రోడ్డు మీద ఆటోనగర్‌లో నా షెడ్డు. ముప్పై ఏళ్ళుగా డీజిల్ ఇంజన్లు విప్పి బిగించడమే నా పని. తొంభై పాళ్ళు లారీలవే. ఏడాదికి ఒకటో రెండో పడవ ఇంజన్లు వస్తాయి. సాగర్ రింగ్ రోడ్డు మా పక్కనే కాబట్టి, ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా ట్రాలీ ఆటోల్లో వస్తాయి. ఈ వారం బల్ల మీద ఉన్నది నేరేడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీది. విశాఖ తీరం నుంచి చేపల వేటకు వచ్చి నాగార్జునసాగర్ వెనక జలాల ఒడ్డున స్థిరపడ్డవాళ్ళ ఊరు అది. ఇంజన్ తెచ్చిన కుర్రాడు ఒకటే మాట అన్నాడు. "రాత్రప్పుడు ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అవతలి గట్టుకి గబగబా చేరిపోవాల బాబాయ్. ఎంత పవరొస్తే అంత లాగీ."

పవర్ లాగడం కష్టం కాదు. పంపులో డీజిల్ పెంచి, టర్బో మారిస్తే వస్తుంది. ఆ పవర్‌ను ఇంజన్ ఎంతసేపు మోస్తుందన్నదే లెక్క. సామాను కొనేటప్పుడు ప్రతి డబ్బా ముందూ నేను అడిగేది ఇదొక్కటే. దీన్ని నేను చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను.

పదిహేనేళ్ళ కిందట ఒక లాంచీ ఇంజన్ వచ్చింది. విప్పి చూస్తే బ్లాకు, క్రాంకు, హెడ్డు అన్నీ నాకు తెలిసిన లారీవే. మన విశాఖ, కాకినాడ మరపడవల్లో నడిచే లేలాండ్ ఇంజన్లూ లారీ ఇంజన్లకు అన్నదమ్ములే కదా. లారీకి ఇచ్చినట్టే పిస్టన్‌కూ లైనర్‌కూ మధ్య సందు ఇచ్చాను. లారీలో రేడియేటర్ నీరు 80, 90 డిగ్రీల దగ్గర తిరుగుతుంది కాబట్టి రెండూ వేడెక్కి రెండూ సాగుతాయి. ఆ లాంచీలో మాత్రం జలాశయం నీరే నేరుగా బ్లాకులోకి పోతుంది. పైగా థర్మోస్టాట్‌ను ఎవరో ఎప్పుడో తీసేశారు. నేనూ పెట్టలేదు. లైనర్ చల్లగా బిగుసుకుని ఉంటే, లోపల పిస్టన్ పూర్తి బరువు మీద కాలి ఉబ్బింది. నలభై నిమిషాలకు పట్టేసింది. నడి నీళ్ళలో, మనుషులుండగా. గాలి ఒడ్డు వైపు వీస్తుండబట్టి అందరూ క్షేమంగా చేరారు. ఆ పిస్టన్ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. పక్క మీద నిలువునా లోతైన గీతలు. అంగుళంలో వెయ్యో వంతును మేం ఒక థౌ అంటాం. రెండు థౌలు ఎక్కువ ఇచ్చి ఉంటే ఆ గీతలు పడేవి కావు.

రోడ్డు మీద ఇంజన్‌కు విశ్రాంతి ఉంటుంది. ఎల్బీ నగర్ నుంచి బయల్దేరిన లారీ చౌటుప్పల్ చేరేలోపు డ్రైవర్ ఎన్నిసార్లు యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడో లెక్క లేదు. చదును రోడ్డు మీద దాని పూర్తి శక్తి అవసరమే రాదు. నీరు పల్లమెరుగుతుందంటారు గానీ, ఆ నీటి మీద నడిచే పడవకు పల్లమే లేదు. ఒడ్డు వదిలింది మొదలు మళ్ళీ ఒడ్డు తగిలేదాకా ఎగువ ఎక్కుతున్నట్టే. ప్రొపెల్లర్ అడిగే శక్తి చక్కర్ల ఘనంతో పాటు పెరుగుతుంది. చక్కర్లు 10 శాతం పెంచాలంటే శక్తి 33 శాతం ఎక్కువ కావాలి. చక్కర్లు ఐదింట నాలుగు వంతులకు తగ్గిస్తే సగం శక్తితోనే పని జరుగుతుంది. చివరి రెండు వందల చక్కర్ల కోసం ఇంజన్‌ను పీడించేవాళ్ళకు నేను ముందు ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను.

కొందరి పని అసలు ఒప్పుకోను. 36 అడుగుల పాత లాంచీ తెచ్చి వేగం కావాలంటే ఏం చేయగలం? నీటిని తాకే పొడవు 36 అడుగులైతే దాని వర్గమూలం 6. దాన్ని 1.34తో గుణిస్తే 8 నాట్లు, అంటే గంటకు 15 కిలోమీటర్లు. అంతకు మించి తోస్తే, పడవ తను లేపిన అలను తనే ఎక్కాలి. రెట్టింపు హార్స్‌పవర్ పెట్టినా డీజిల్ తగలబడుతుందే తప్ప గట్టు పెద్దగా దగ్గర కాదు. ఈ కుర్రాడిది అలా కాదు. 24 అడుగుల ఫైబర్ పడవ, అడుగు భాగం వి ఆకారంలో ఉంది. వేగం అందుకుంటే నీటి మీదికి లేచి జారుతుంది. దీనికి శక్తి పెడితే అర్థం ఉంది.

కానీ ఎక్కడ పెట్టాలి? ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చాడు. ఫోర్జింగ్ పిస్టన్లే కావాలన్నాడు. దెబ్బకు గట్టివన్న మాట నిజమే. వాటిలో బాగా గట్టివని పేరున్నవాటికి సిలికాన్ తక్కువ. వేడికి ఎక్కువ సాగుతాయి. అందుకు సందు ఇంకా పెంచాలి. పెంచితే చల్లగా ఉన్నప్పుడు లైనర్‌ను కొడతాయి. పెట్రోల్ పందెపు ఇంజన్‌కు సరే. ఈ డీజిల్‌కు పై రింగు గాడిలో ఇనుప వలయం పోతలోనే అమర్చి ఉన్న కంపెనీ పిస్టనే మేలని నా అభిప్రాయం. గంటల తరబడి నడిచే ఇంజన్‌లో ముందు అరిగేది ఆ గాడే. వాడు అరగంట వాదించాడు. నా బల్ల మీది పాత పిస్టన్ చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూసి ఒప్పుకున్నాడు.

అక్కడ మిగిలిన డబ్బంతా నీళ్ళ దారికి మళ్ళించాం. బ్లాకులో మంచి కూలెంట్ తిరగాలి, జలాశయం నీరు బయట హీట్ ఎక్స్‌ఛేంజర్ దాకా వచ్చి వెళ్ళిపోవాలి. అందులో గొట్టాలు రాగి, నికెల్ కలిసినవి. ఆయిల్‌కు వేరే కూలర్. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చుట్టూ నీటి తొడుగు, ఎందుకంటే మూసిన ఫైబర్ గదిలో కాలిన మానిఫోల్డ్ పక్కన డీజిల్ గొట్టం ఉంటుంది. కనెక్టింగ్ రాడ్ బోల్టులు కొత్తవే. ఒకసారి సాగిన బోల్టును మళ్ళీ బిగించమని ఎవరన్నా నేను వినను. బేరింగ్ షెల్లులు ఒరిజినల్ డబ్బాలో వచ్చినవైనా సరే, మైక్రోమీటర్‌తో కొలిచాకే లోపల పెడతాను. దిల్‌సుఖ్‌నగర్ ఇంటికి తీసుకెళ్ళి రాత్రిపూట తీరిగ్గా కొలుస్తాను. పొద్దున ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని మెట్రోలో ఎల్బీ నగర్ దాకా వస్తాను. మూడో స్టేషనే.

మరో సంగతి కుర్రాడి తాతగారి దగ్గర తేలింది. ఆయన విశాఖ అలవాటు ప్రకారం జింకు దిమ్మలు పంపించారు. సముద్రంలో జింకు తను కరిగి మిగతా లోహాన్ని కాపాడుతుంది. సాగర్‌ది మంచినీరు. అందులో జింకు మీద పొర కట్టి దాని పని ఆగిపోతుంది. మెగ్నీషియం దిమ్మలు కావాలి. ఫోన్‌లో ఈ మాట చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు. "మా నాన్న కాలం నుంచీ అదే కడతన్నాం నాయనా" అన్నారు. పెద్దాయన మాటకు అడ్డం చెప్పినందుకు నాకు కష్టంగానే అనిపించింది. కానీ నీరు మారితే సామాను మారాల్సిందే.

సాగర్ నిండా ఉంటే నీటిమట్టం 590 అడుగులు. వేసవికి నీరు తగ్గేకొద్దీ బురద, మొద్దులు, తెగిన వలల ముక్కలు పైకి తేలతాయి. అందుకే నీళ్ళు పీల్చే చోట రెండు జల్లెడలు పెట్టాను. ఒకటి శుభ్రం చేస్తుంటే రెండోది పనిచేస్తుంది, మధ్యలో కవాటం తిప్పితే చాలు. ఇంజన్ మొత్తంలో చవక సామాను ఇదే. నాకు మాత్రం కోదండరాం నగర్‌లో ఆ పెద్దావిడ ఒళ్ళో ఉన్న సంచే కళ్ళ ముందు మెదులుతోంది. ఇంపెల్లర్లు మూడు కొన్నాను. ఒకటి పంపులో, రెండు గ్రీజు కాగితంలో చుట్టి సీటు కింద. చీకట్లో, టార్చి వెలుగులో అది మార్చడం కుర్రాడితో నాలుగుసార్లు చేయించాను. నాలుగోసారికి ఆరు నిమిషాల్లో మార్చాడు.

ప్రొపెల్లర్ ఒక్కటే ఇంకా తేలలేదు. పూర్తి థ్రాటిల్‌లో ఇంజన్ తన పూర్తి చక్కర్లను అందుకోవాలి. అందుకోక నల్లపొగ వస్తే పిచ్ ఎక్కువైనట్టు. అది షెడ్డులో తేలదు. రెండు ప్రొపెల్లర్లు అరువు తెచ్చాను. వచ్చే ఆదివారం వైజాగ్ కాలనీలో పడవను నీళ్ళలోకి దించుతున్నాం. ఒక గంట ఆపకుండా పూర్తి బరువు మీద నడపమన్నాను. చక్కర్లు వాడు చూసుకుంటాడు. ఆ గంటసేపూ నేను పడవ వెనక కూర్చుని, బయటికి వచ్చే నీటి కింద చెయ్యి పెట్టి ఉంచుతాను.