పది వేల ఫైళ్లు పంపే విద్య

హైదరాబాద్‌లోని కంప్యూటర్ అమెరికాలో ఉన్న సర్వర్‌ను పలకరించి జవాబు అందుకోవడానికి దాదాపు 200 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక్కో ఫైలుకు ఒక్కసారి అలా ఆగినా పది వేల ఫైళ్లకు 2,000 సెకన్లు, అంటే అరగంటకు పైగా ఉత్త ఎదురుచూపులకే పోతుంది. ఫైళ్లు ఎంత చిన్నవైనా, ఇంటర్నెట్ ప్లాన్ ఎంత ఖరీదైనదైనా ఈ అరగంట తగ్గదు. పనితనమంతా ఆ ఎదురుచూపును తప్పించడంలోనే ఉంది.

ఫైళ్లు పంపే పాత పద్ధతి ఎఫ్‌టీపీ తొలి రూపాన్ని 1971లో రాసినవాడు ఐఐటీ కాన్పూర్‌లో చదివి ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్. ఆనాటికి అది గొప్ప పనే. కానీ ఎఫ్‌టీపీ ప్రతి ఫైలుకూ కొత్త డేటా కనెక్షన్ తెరుస్తుంది, పాస్‌వర్డ్‌ను బాహాటంగా పంపుతుంది. 1995లో ఫిన్లాండ్‌లో తాతు యులొనెన్ సమాచారాన్ని గుప్తీకరించి పంపే ఎస్‌ఎస్‌హెచ్ తయారుచేసి ఆ రెండో బెడద తీర్చాడు.

మొదటిసారి పంపేవాళ్లకు పాతకాపుల చిట్కా టార్. టేపుల కోసం పుట్టిన ఈ యూనిక్స్ పనిముట్టు ఫోల్డర్ మొత్తాన్ని ఒకే ధారగా మారుస్తుంది. ఆ ధారను ఎస్‌ఎస్‌హెచ్‌లోకి మళ్లిస్తే, అవతల ఇంకో టార్ వచ్చింది వచ్చినట్టే విప్పుకుంటుంది. మధ్యలో జిప్ ఫైలు లేదు, డిస్కులో అదనపు చోటు అక్కర్లేదు. ఎంత ముచ్చటైన పని!

అయినా పెద్దపీట వేయాల్సింది ఆర్‌సింక్ అనే ప్రోగ్రాముకే. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరస్ కలిసి 1996లో కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ నుంచి దీన్ని లోకానికిచ్చారు. సైజు, తేదీ మారని ఫైళ్లను అది ముట్టుకోదు. మారిన ఫైలు తగిలితే సర్వర్ తన దగ్గరున్న పాత ప్రతిని సమాన ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు తేలికది ఒకటి, గట్టిది ఒకటి చొప్పున రెండు చెక్‌సమ్‌లు (ముక్కను గుర్తుపట్టే చిన్న సంఖ్యలు) పంపుతుంది. పంపే కంప్యూటర్ తన కొత్త ప్రతిలో ప్రతి బైటు దగ్గరా ఆ ముక్కల కోసం వెతుకుతుంది. అలా వెతకడం మామూలుగా తెమిలే పని కాదు. ట్రిడ్జెల్ చేసిన గారడీ ఇక్కడే ఉంది: ఒక బైటు ముందుకు జరిగినప్పుడు వెనక వదిలిన బైటును తీసేసి, కొత్తదాన్ని కలిపితే చాలు, తేలిక చెక్‌సమ్ తయారు. అది కలిస్తేనే గట్టిదాని లెక్క. ఫైలు మొదట్లో ఒక్క అక్షరం చేర్చినా మిగతాదంతా పాతదేనని ఆర్‌సింక్ కనిపెడుతుంది. పైగా ఒక ఫైలుకు జవాబు వచ్చేదాకా ఆగకుండా తర్వాతి ఫైలు పని మొదలుపెడుతుంది. ఆ అరగంట మాయమయ్యేది అందుకే.

ఇంతటి విద్య ఉండగా ఇవాళ జరుగుతున్నదేమిటి? బ్రౌజర్‌లోకి ఫోల్డర్ లాగి పడేయడం, తొంభై శాతం దగ్గర కనెక్షన్ తెగితే మళ్లీ మొదటినుంచీ ఎక్కించడం! 'సింక్' అని పేరు పెట్టుకుని, ఒక్క వాక్యం దిద్దినా ఫైలు మొత్తాన్ని తిరిగి పంపే యాప్‌లు డబ్బులు దండుకుంటున్నాయి. ఆపిల్ సంస్థ 2006 నాటి ఆర్‌సింక్ 2.6.9 వెర్షన్‌నే ఏళ్ల తరబడి మ్యాక్‌లలో ఉంచింది. విండోస్‌లో ఆర్‌సింక్ కావాలంటే విడిగా తెచ్చుకోవాల్సిందే. క్లౌడ్ పేరుతో సర్టిఫికెట్లు పంచే కోర్సుల్లో ఈ పాఠానికి ఒక్క గంటైనా దక్కకపోవడం అన్యాయం.

పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసే బృందాలకు పేజీకో ఫైలు చొప్పున వేలల్లో పోగుపడతాయి. వాళ్లైనా ఆర్‌సింక్‌ను పట్టుకోవాలి. పంపే ఫోల్డర్ పేరు చివర ఏటవాలు గీత (/) పెడితే లోపలి ఫైళ్లే వెళ్తాయి, పెట్టకపోతే ఫోల్డర్‌తో సహా వెళ్తాయి. జేపెగ్ బొమ్మలకు కంప్రెషన్ దండగ. పార్షియల్ ఆప్షన్ పెడితే సగంలో ఆగిన ఫైలు పోదు. మన దగ్గర లేని ఫైళ్లను అవతల తుడిచేసే డిలీట్ ఆప్షన్ వాడేముందు మాత్రం డ్రై రన్ (ఏదీ మార్చని ఉత్తుత్తి పరుగు) చేసి, ఏ ఫైళ్లు పోబోతున్నాయో జాబితా అంతా చదివి తీరండి.