పరుగుకో చిరునామా

పల్లెటూళ్లో పొద్దున్నే ఎవరైనా పరిగెడుతూ కనిపిస్తే అరుగుమీది పెద్దవాళ్లు ఊరుకోరు. "ఏమైందిరా?" అని కేకేస్తారు. దూడ తాడు తెంపుకుని ఉండాలి, లేదా ఎవరికో ఒంట్లో బాగాలేక ఆరెంపీ డాక్టరు కోసం వెళ్తూ ఉండాలి. ఊరికే పరిగెడుతున్నానంటే నమ్మరు. విశాఖ బీచ్ రోడ్డులో మాత్రం తెల్లవారకముందే ఎంతమంది పరిగెత్తినా ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేరు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, కురుసుర సబ్‌మెరైన్ దాటి, లాసన్స్ బే దాకా వెళ్లి, వెళ్లినదారినే వెనక్కి వస్తాం. ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో చేతి గడియారం చెబుతుంది. వాటితో ఏం పని జరిగిందో చెప్పదు. జరిగితే కదా!

ఫలితంలేని శ్రమను ఒకప్పుడు శిక్షగా వేసేవారు. ట్రెడ్‌మిల్‌ను 1818 ప్రాంతంలో విలియం క్యూబిట్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు తయారుచేసింది జైళ్ల కోసమే. తిరిగే చక్రం మెట్లమీద ఖైదీలు గంటల తరబడి ఎక్కుతూ ఉండాలి. కొన్ని జైళ్లలో ఆ చక్రం ధాన్యం విసిరేది, నీళ్లు తోడేది. కొన్నిచోట్ల దేనికీ కలపకుండా ఉత్తినే తిప్పించేవారు. ఒళ్లు అలిసినదానికంటే, ఆ అలుపు ఎందుకూ కొరగాలేదన్న ఎరుకే మనిషిని ఎక్కువ కుంగదీస్తుందని శిక్ష వేసేవాళ్లకు తెలుసు. 1895లో రచయిత ఆస్కార్ వైల్డ్‌కు రెండేళ్ల కఠినశిక్ష పడినప్పుడు లండన్ పెంటన్‌విల్ జైల్లో ఆయనా ఆ మెట్లెక్కాడు. బ్రిటన్‌లో 1898 నాటి జైళ్ల చట్టంతో అది పోయింది. ఇప్పుడు మనం నెలనెలా డబ్బు కట్టి ఎక్కుతున్నాం.

ఈ వైల్డే అంతకు ఇరవై ఏళ్ల ముందు ఇంకోరకం శ్రమ కూడా చేశాడు. 1874లో ఆక్స్‌ఫర్డ్‌లో కళాచార్యుడిగా ఉన్న జాన్ రస్కిన్‌కు కుర్రాళ్ల ఆటలు చూస్తే విసుగొచ్చింది. పడవపందాలకూ క్రికెట్‌కూ పోతున్న కండబలాన్ని ఎవరికైనా పనికొచ్చేలా ఖర్చుచేయండని, పక్కనే ఉన్న హింక్సీ అనే పల్లెకు బురదదారి బాగుచేయడానికి విద్యార్థులను పారలు పట్టించి తీసుకెళ్లాడు. వారిలో వైల్డ్ ఒకడు. పని నేర్పడానికి రస్కిన్ తన తోటమాలిని పిలిపించుకున్నాడు. రోడ్డు గొప్పగా కుదరలేదు. ఆ సంగతి రస్కినే ఒప్పుకున్నాడు. పత్రికలు నవ్వాయి. కానీ ఆ తవ్వినవాళ్లకు మేస్త్రీగా ఉన్న ఆర్నాల్డ్ టాయిన్‌బీ తర్వాత తూర్పు లండన్ పేదల మధ్య పనిచేశాడు. 1883లో చిన్నవయసులోనే పోతే, ఆ మరుసటి ఏడాది వైట్‌చాపెల్‌లో ఆయన పేరున టాయిన్‌బీ హాల్ వెలిసింది. చదువుకున్న కుర్రాళ్లు పేదలున్నచోటే కాపురముండి పనిచేయాలన్నది దాని ఆలోచన. ఇక రస్కిన్ పుస్తకం ఒకటి 1904లో జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్లే రైల్లో గాంధీ చదివారు. దాన్నుంచి ఫీనిక్స్ ఆశ్రమం పుట్టింది. ఆ వరసలోనే శ్రమదానం మన ఊళ్లదాకా వచ్చింది.

వైట్‌చాపెల్ ఉన్న టవర్ హామ్లెట్స్ ప్రాంతంలోనే 2009లో ఐవో గార్మ్లీ అనే యువకుడు గుడ్‌జిమ్ మొదలుపెట్టాడు. ఆయనకు జిమ్‌లంటే పడదు. ఇల్లు కదలలేని ఓ పెద్దాయన దగ్గరికి పరుగెత్తుకెళ్లి పేపరిచ్చి, కాసేపు మాట్లాడి రావడం అలవాటు చేసుకున్నాడు. అదే పద్ధతిగా మారి ఇంగ్లండ్‌లోని అనేక పట్టణాలకు పాకింది. జట్టుగా పరిగెత్తి వెళ్లడం, అక్కడ పార్కులో మట్టి ఎత్తడమో, ఆహార కేంద్రంలో డబ్బాలు సర్దడమో చేయడం, మళ్లీ పరిగెత్తి రావడం ఒక రకం. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు మంచం జరపడంలాంటి ఒక్కసారి పని చేసిపెట్టడం ఇంకో రకం. వారంవారం ఒకే మనిషి దగ్గరికి వెళ్లడం మూడోది. ఈ మూడోదాంట్లో ఉంది అసలు తెలివి. అక్కడ ఆ పెద్దమనిషిని 'కోచ్' అంటారు. సాయం అందుకునేది ఆయనే అయినా, కుర్రాణ్ని చలిలో ఇంట్లోంచి బయటికి లాగేది కూడా ఆయనే. ఎదురుచూస్తూ ఉంటాడు కాబట్టి వెళ్లక తప్పదు. ఎవరు ఎవరికి మేలు చేస్తున్నారో తేల్చడం కష్టం. తేలకపోవడమే మంచిది. పెద్దవాళ్లు చెయ్యి చాచనక్కర్లేదు, కుర్రాళ్లు కాలరెత్తనక్కర్లేదు.

వ్యాయామానికీ సేవకూ పెళ్లి చేయడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు అనే తన సేవాదళాన్ని కవాతు చేయించి, క్రమశిక్షణ నేర్పించి తయారుచేశారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు వచ్చిన జనసముద్రాన్ని సంబాళించింది ఆ దండే. ఒళ్లు వంచడమంటే ఊరికి పనికిరావడమేనని వాళ్లకు వేరే చెప్పనక్కర్లేకపోయింది. మన తరానికి వచ్చేసరికి ఒళ్లు మనదైంది, ఊరు మునిసిపాలిటీదైంది.

మా పరుగు జట్టులో కొందరం ఈ రెంటినీ మళ్లీ కలపాలనుకున్నాం. మొదట అందరికీ తట్టేదే తట్టింది: బీచ్‌లో చెత్త ఏరడం. స్వీడన్‌లో ఎరిక్ ఆల్‌స్ట్రోమ్ 2016లో మొదలుపెట్టిన ప్లాగింగ్, అంటే పరిగెడుతూ చెత్త ఏరడం, అప్పటికే మన దేశంలోనూ పేరు తెచ్చుకుంది. 2019 అక్టోబరులో మామల్లపురం బీచ్‌లో ప్రధాని చెత్త ఏరిన వీడియో చూడనివాళ్లు తక్కువ. అయితే తెల్లారేలోపే పారిశుద్ధ్య కార్మికులు ఊడ్చిన రోడ్డుమీద చేతితొడుగులు వేసుకుని కాగితాలు వెతుక్కోవడం కాస్త వింతగా ఉంటుంది. అక్కడ ఊడ్చే ఆవిణ్నే అడిగాం. "ఇక్కడేటుందమ్మా, ఆ రాళ్ల సందుల్లోకి ఎల్లండి, మా చీపుర్లు అక్కడికి పోవు" అంది. నిజమే. బండల మధ్య వలముక్కలు, నైలాను తాళ్లు, గుట్కా పొట్లాలు, కార్తీక దీపాల అడుగున మిగిలిన థర్మకోలు. ఎక్కడ పని ఉందో అక్కడ రోజూ పనిచేసే మనిషికి తెలిసినట్టు పరిగెత్తేవాడికి తెలియదు.

చెత్త ఏరడంలోనూ ఒక ఒడుపుంది. వెళ్లేటప్పుడు ఖాళీ సంచితో పరుగు, వచ్చేటప్పుడు ఏరుకుంటూ నడక. దీన్ని తిరగేస్తే నిండిన సంచి మోకాళ్లకు కొట్టుకుంటూ పరుగూ సాగదు, పనీ సాగదు. నడుం వంచకుండా మోకాళ్లు మడిచి గొంతుక్కూర్చుని తీయాలి. సంచి ఒకే చేతికి అంటిపెట్టుకుని ఉంటే మర్నాడు ఆ పక్క వీపు నిలదీస్తుంది, అందుకని కొంతదూరానికోసారి చెయ్యి మార్చాలి. సూదులు, గాజుపెంకులు తొడుగులున్నా చేత్తో ముట్టకూడదు, పట్టకారు ఉండాలి. తడిచెత్త, పొడిచెత్త వేరు చేయకుండా ఒకే సంచిలో కుక్కితే మనం చేసిందల్లా బీచ్‌లోని చెత్తను కాపులుప్పాడ డంపింగ్ యార్డుకు బదిలీ చేయడమే. ఇక ఏరేసేపు కంటే సంచులతో ఫొటోలు దిగేసేపు ఎక్కువైతే దాన్ని వ్యాయామం అనలేం, సేవ అంతకన్నా అనలేం.

పైగా పరుగుకు ఇలా పని కలిపితే పరిగెత్తేవాళ్లకే ఎక్కువ లాభం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామంతోపాటు, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు కూడా చెప్పింది. పరుగు పిచ్చి ఉన్నవాళ్లు మొదటిది దాటేస్తారు, రెండోదాన్ని ఎగ్గొడతారు. బడి ఆవరణలో మొక్కలకు గోతులు తవ్వి, బక్కెట్లతో నీళ్లు మోస్తే ఆ బాకీ తీరిపోతుంది. నడుం, భుజాలు, పిడికిలి... పరుగు పట్టించుకోని భాగాలన్నీ హాజరు పలుకుతాయి. ఒకటే జాగ్రత్త. పనిచేస్తుండగా చెమట ఆరి కండరాలు బిగుసుకుంటాయి. తిరుగు ప్రయాణం మొదట్లో నడిచి, తర్వాతే పరుగందుకోవాలి. విశాఖ ఉక్కపోతలో నీళ్ల సీసా లేకుండా ఈ పనికి దిగకూడదు.

అయినా చెత్త మనకోసం ఎదురుచూడదు. వర్షం పడుతోందనో, రాత్రి పెళ్లి భోజనం బరువైందనో మానేస్తే అడగదు. మనిషి అడుగుతాడు. మా కాలనీలో రైల్వే గార్డుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఒంటరిగా ఉంటారు. పిల్లలు అమెరికాలో. ఇలాంటి ఇళ్లు ఇప్పుడు మన ఊళ్లలో వీధికి రెండుమూడు ఉన్నాయి. పాలు, కూరలు, మందులు ఫోన్లో నొక్కితే గుమ్మంలోకి వస్తున్నాయి. పనిమనిషి ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు. ఇంకేం కావాలి అనుకుంటాం. ఆయనకు కావలసినవి ఏ యాప్‌లోనూ దొరకవు. అటకమీది పెట్టె దింపాలి. మాత్రల అట్ట వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న తారీఖు చదివిపెట్టాలి. నవంబరులో పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. వేళ్లు అరిగిపోయి వేలిముద్ర పడదు. ఫోన్‌లో ముఖం చూపించి పంపే సౌకర్యం వచ్చిందిగానీ, ఆ ఫోన్‌ను సరైన వెలుతురులో కదలకుండా పట్టుకునే చెయ్యి ఒకటి ఉండాలి. ఇవన్నీ అయ్యాక, 1970ల నాటి వాల్తేరు స్టేషన్ గురించి ఆయన చెప్పేది వినే మనిషి కావాలి. నిజానికి పై పనులన్నీ ఈ చివరిదానికి ఉపోద్ఘాతం.

ఆ పనులకు నేను పరిగెత్తి వెళ్తుంటాను. గార్డుగారి దగ్గర ఆలస్యం కుదరదు. గేటు తీస్తూనే గోడగడియారం వంక చూస్తారు. "ఏం బాబూ, అవుటర్‌లో ఆపేశారా?" అంటారు. ఏ ట్రైనింగ్ యాప్ గంట కొట్టినా నేను ఇంత భయపడను. వేళకు చేరాలంటే రాత్రి వేళకు పడుకోవాలి, అందుకోసం ముందునాటి సాయంత్రమే కొన్నిటికి వద్దని చెప్పాలి. పరుగు క్రమశిక్షణ గురించి పుస్తకాలు చెప్పేదంతా ఆ ఒక్క గోడగడియారం చేయిస్తుంది. అలా అని చెమటకంపుతో సోఫాలో కూలబడకూడదు. సంచిలో పొడి చొక్కా, తువ్వాలు ఉండాలి. జలుబు చేసి ఉంటే ఫోనుతో సరిపెట్టాలి. బ్యాంకు వ్యవహారాలు, ఓటీపీలు, తాళంచెవులు ముట్టకూడదు. ఇంగ్లండ్‌లో ఒంటరిగా పెద్దవాళ్ల ఇంటికి పంపేముందు నేరచరిత్ర ఉందేమోనని వాకబు చేస్తారు. మనకు అంత ఏర్పాటు లేకపోయినా, మొదటిసారి ఇద్దరుగా వెళ్లడం, అమెరికాలో ఉన్న పిల్లలతో ముందే మాట్లాడటం కనీస మర్యాద.

ఇందులో ఒక చిక్కు ఉంది. నేవీ మారథాన్ దగ్గరపడితే మా జట్టులో అందరికీ దూరం పరుగులు గుర్తొస్తాయి. ఆ వారాల్లో కాలనీ వీధుల్లో రెండు కిలోమీటర్లు పరిగెత్తి, గంటసేపు కూర్చుని కబుర్లు వినడం శిక్షణ పట్టికలో ఎక్కడా ఇమడదు. అప్పుడే తేలుతుంది, మనం సేవను పరుగుకు అలంకారంగా తగిలించుకున్నామా, లేక నిజంగా కలిపామా అన్నది. పరుగు మన ఇష్టం, అవతలిది వాళ్ల అవసరం. రెండూ ఢీకొన్న రోజున ఇష్టమే తప్పుకోవాలి. రోజు వాళ్లు చెప్పాలి, వేళ వాళ్లు చెప్పాలి, పని వాళ్లు చెప్పాలి. దూరం, వేగం మాత్రమే మన చేతిలో ఉండాలి. ఇది తిరగబడ్డ జట్లు ఎక్కువకాలం నిలవవు. మొదటి నెల ముప్ఫైమంది వస్తారు, వానాకాలానికి ముగ్గురు మిగులుతారు, ఎదురుచూసినవాళ్లకు మునుపటికంటే ఎక్కువ వెలితి మిగులుతుంది. చేయలేనివాళ్లు మొదలుపెట్టకపోవడమే మేలు. వాళ్లకు చెత్త సంచి ఎలాగూ ఉంది.

ఎవరింటికి వెళ్లాలో తెలియదని చాలామంది అంటారు. మన ఊళ్లలో ప్రతి పార్కుకూ, ప్రతి మైదానానికీ ఒక వాకర్స్ క్లబ్బు ఉంది. దానికి అధ్యక్షుడు, కార్యదర్శి, చందాల పుస్తకం ఉంటాయి. ఆ పుస్తకంలో రెండుమూడేళ్ల కిందటి పేజీలు తిప్పండి. రోజూ మనకంటే ముందొచ్చి చప్పట్లు కొడుతూ నవ్వే క్లబ్బు నడిపిన మనుషులు అందులో ఉంటారు. మోకాలి ఆపరేషన్ అయిందనో, భార్యకు బాగాలేదనో రావడం మానేశారు. కొన్నాళ్లు అడిగాం, తర్వాత మరిచిపోయాం. ఆ ఇళ్లన్నీ మన పరుగు దూరంలోనే ఉన్నాయి. ఈ ఆదివారం వాటిలో ఒక్కటి ఎంచుకోండి. బయల్దేరేముందు ఫోన్ చేసి, ఏ రోజు, ఎన్ని గంటలకు రమ్మంటారో వాళ్లనే చెప్పనివ్వండి.