విమర్శనాత్మక ఆలోచనకు పాఠ్యంగా ‘శంబుక వధ’

1. ప్రస్తావన:
తెలుగు సాహిత్యంలో హేతువాదం అనగానే స్ఫురించే పేరు త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943). డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివిన ఈ ‘కవిరాజు’ తెనాలిలో స్థిరపడి, అక్కడి పురపాలక సంఘాధ్యక్షులుగా పనిచేశారు. తన నివాసానికి ‘సూతాశ్రమం’ అని పేరు పెట్టుకున్నారు. అయితే ‘కవిరాజు హేతువాది’ అని పరీక్ష కోసం వల్లించినంత మాత్రాన విద్యార్థికి హేతువాదం అబ్బదు. తీర్పును అందించడం వేరు, తీర్పుకు చేరే మార్గాన్ని నేర్పడం వేరు.

2. ఒక కథ – మూడు రూపాలు:
వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో ఒక బ్రాహ్మణ బాలుడు అకాలమరణం చెందుతాడు. శూద్రుని తపస్సే అందుకు కారణమని నారదుడు చెబుతాడు. రాముడు శంబూకుని వధించగా బాలుడు బ్రతుకుతాడు. భవభూతి ‘ఉత్తరరామచరితం’లో రాముడు తన కుడిచేతిని సంబోధించి, సంకోచిస్తూనే ఖడ్గం ఎత్తుతాడు, హతుడైన శంబూకుడు దివ్యరూపం పొందుతాడు. త్రిపురనేని నాటకంలో అది ఆర్య బ్రాహ్మణుల ఒత్తిడికి తలొగ్గి, అధికారం నిలుపుకోవడానికి రాజు చేసిన హత్య.

ఈ మూడింటినీ పక్కపక్కన చదివినప్పుడు ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. తపస్సుకూ మరణానికీ గల సంబంధాన్ని పరీక్షించినదెవరు? భవభూతికి రాముని సంకోచం ఎందుకు అవసరమైంది?

3. నాటకానికీ అదే ప్రశ్న:
త్రిపురనేని శంబుకుని ద్రావిడునిగా చిత్రించారు. ఉత్తరకాండలో శంబూకుడు తనను శూద్రయోనిజునిగానే చెప్పుకొంటాడు. అతడు దక్షిణ దిక్కున కనిపించాడన్నది మాత్రమే ద్రావిడత్వ ఊహకు మూలంలో దొరికే ఆధారం. 1856లో కాల్డ్వెల్ వివరించిన ద్రావిడ భాషాకుటుంబం నుండి ద్రావిడ జాతిని ఊహించడం తర్కంలో మరొక అడుగు. దానికి వేరే నిరూపణ కావాలి. పైగా వర్ణసమస్యను జాతిసమస్యగా మార్చినప్పుడు, ఒకే సమాజంలోని అంతర్గత అన్యాయం బయటివారి దౌర్జన్యంగా రూపుమారుతుంది. ఇది నాటకంలోని బలహీనత. నమ్మకాన్ని ప్రశ్నించే సాహసం దాని బలం. రెండూ చూపినప్పుడే బోధన సమగ్రమవుతుంది.

4. ఉపసంహారం:
తెనాలి, బాపట్ల, రేపల్లె కళాశాలల విద్యార్థులకు కవిరాజు తమ ప్రాంతపు రచయిత. ఆ అభిమానమే ప్రశ్నకు అడ్డు కావచ్చు. ‘శంబుక వధలోని హేతువాదాన్ని వివరించండి’ అన్న ప్రశ్న జ్ఞాపకశక్తినే కొలుస్తుంది. ‘నాటకకర్త మూలం నుండి గ్రహించినదేది, తాను చేర్చినదేది, ఆ చేర్పుకు ఆధారమేది?’ అన్న ప్రశ్న ఆలోచనను కొలుస్తుంది. పురాణాన్ని ప్రశ్నించిన కవిని కూడా ప్రశ్నించగలగడమే ఆయన మార్గానికి నిజమైన కొనసాగింపు.