బాస్ తగ్గించి బరువు పెంచిన పెట్టె

హెవీ మెటల్ గిటారు వినేవాళ్లకు ఆ బరువంతా బాస్‌లోనే ఉన్నట్టు తోస్తుంది. అందుకే కొత్తగా యాంప్లిఫయర్ కొనబోయేవాళ్లు ముందు బాస్ నాబ్, ఆ వెంటనే గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పేస్తారు. తీరా వాయిస్తే వచ్చేది ముద్ద. లావు తీగ మీద అరచేతి అంచు ఆనించి టకటకా కొట్టే పామ్ మ్యూట్ దెబ్బలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. సెగ చూపించని డప్పు మీద దరువేసినట్టుంటుంది. ఈ చిక్కుముడిని నాకు తెలిసినంతలో అందరికన్నా పొదుపుగా విప్పిన యాంపు మార్షల్ 2203. ఎందుకో తెలియాలంటే దాని లోపలికి చూడాలి.

దాని పుట్టుక సంగతి క్లుప్తంగా చెబుతాను. లండన్ శివారు హాన్‌వెల్‌లో డ్రమ్ముల కొట్టు నడిపే జిమ్ మార్షల్, కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్‌లతో కలిసి 1962లో మొదటి యాంపు కట్టించాడు. అమెరికా ఫెండర్ కంపెనీ బాస్‌మన్ సర్క్యూటే దానికి ఆధారం. మొత్తం శబ్దాన్ని విడిగా తగ్గించే మాస్టర్ వాల్యూమ్ నాబ్ ఉన్న వంద వాట్ల 2203 వచ్చింది 1975లో. 1981లో దానికి కొత్త ముఖం తొడిగి జేసీఎం 800 శ్రేణిలో చేర్చారు. స్లేయర్ బృందం గిటారిస్టు కెర్రీ కింగ్ ఏళ్ల తరబడి దీన్నే నమ్ముకున్నాడు. మార్షల్ కంపెనీ అతని పేరు మీద ప్రత్యేకంగా ఒక 2203 కూడా చేసింది.

కలువాయి లాంటి ఊళ్ల చుట్టుపక్కల తిరునాళ్లలో, నాటకాల పందిళ్లలో మైకుసెట్టు నడిపినవాళ్లకు యాంప్లిఫయర్ అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. గొంతు చీలకుండా, పద్యం చివరి రాగందాకా శుభ్రంగా వినపడాలన్నదే వాళ్ల తాపత్రయం. గిటారు యాంపు చేసేవాడు ఆ చీలికనే, అంటే డిస్టార్షన్‌నే, కావాలని తెచ్చుకుంటాడు. అయితే ఎక్కడ చీలాలో, ఎంత చీలాలో, ఏ వరసలో చీలాలో ముందే లెక్క కట్టి పెడతాడు. పనితనమంతా ఆ లెక్కలోనే ఉంది.

2203లో గిటారు ధ్వని మొదట ఈసీసీ83 అనే చిన్న వాల్వులోకి వెళుతుంది. ఆ వాల్వు క్యాథోడు దగ్గర 2.7 కిలో ఓమ్‌ల రెసిస్టరు, దాని పక్కన 0.68 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఉంటాయి. ఫెండర్ యాంపుల్లో సాధారణంగా ఆ చోట 25 మైక్రోఫారడ్లది కనిపిస్తుంది. అది లోతైన స్వరాలను కూడా పూర్తి బలంతో పైకి పంపుతుంది. 0.68 అలా పంపదు. ఎగువ స్వరాలను బలంగా పంపి, కింది స్వరాలను అక్కడే కొంత అణచిపెడుతుంది. లావు తీగ మామూలు శ్రుతిలో సెకనుకు దాదాపు 82 సార్లు కంపిస్తుంది. సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఈ కోత పడుతుంది. గోరంత భాగం చేసే పని ఇది.

దాని తర్వాత గెయిన్ నాబ్. దాని మీదుగా ఒక నానోఫారడ్ కెపాసిటరు ఉంది. గెయిన్ తగ్గించినా పదునైన స్వరాలు ఆ పక్కదారిన ముందుకు సాగిపోతాయి. ఆ పైన రెండో దశ. నా దృష్టిలో ఈ యాంపుకు ప్రాణం అదే. మామూలుగా ఒకటి రెండు కిలో ఓమ్‌లు ఉండే చోట ఇక్కడ ఏకంగా 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు వేశారు. దాంతో ఆ వాల్వు ఎప్పుడూ ఆరిపోయే అంచున కూర్చుని ఉంటుంది. అల ఒక వైపుకు వెళ్లగానే వాల్వు ఆగిపోతుంది, అల ఆ వైపున తెగుతుంది. రెండో వైపు మాత్రం ఇంకా సాగుతూనే ఉంటుంది. ఒక పక్క ముందుగా తెగిన ఆ అలలోంచే రంపం లాంటి కరుకుదనం వస్తుంది. అప్పటికే బాస్ పలచబడి ఉండటం వల్ల ఆ తెగడం ముద్దగా మారదు. దెబ్బ మొదలైన చోటు తెలుస్తుంది, ఆగిన చోటూ తెలుస్తుంది.

మరి బరువు ఎక్కడినుంచి వస్తుంది? అంతా తెగిన తర్వాత. టోన్ నాబ్‌లు, నాలుగు ఈఎల్34 వాల్వులు, ఇనుప గుండె లాంటి ట్రాన్స్‌ఫార్మరు, వెనక మూసేసిన క్యాబినెట్‌లో నాలుగు పన్నెండంగుళాల స్పీకర్లు. ఇవన్నీ కలిసి ఆ బక్కచిక్కిన ధ్వనికి ఒళ్లు తెస్తాయి. ముందు కోసి, తర్వాత పోయడమన్నమాట.

ఈ ఎరుక మెటల్ పుట్టుకలోనే ఉంది. బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. ఆ బృందం గిటారిస్టు టోనీ ఐయోమీ అప్పుడు తన లేనీ యాంపు ముందు రేంజ్‌మాస్టర్ అనే ట్రెబుల్ బూస్టర్ పెట్టుకునేవాడు. కింది స్వరాలను తగ్గించి పైవాటిని యాంపులోకి నెట్టే పెట్టె అది. 1992లో వచ్చిన పీవీ 5150 యాంపు ముందు ఈనాటికీ ఆకుపచ్చ ట్యూబ్ స్క్రీమర్ పెడల్ పెట్టి, దాని డ్రైవ్ నాబ్ దాదాపు సున్నాకు తెచ్చి వాయించేవాళ్లది కూడా ఇదే ఉపాయం. వాల్వే ఉండాలన్న నియమమూ లేదు. పాంటెరా గిటారిస్టు డైమ్‌బ్యాగ్ డారెల్ 1990లో 'కౌబాయ్స్ ఫ్రమ్ హెల్' వాయించింది ట్రాన్సిస్టర్లతో చేసిన ర్యాండాల్ యాంపు మీదే.

హైదరాబాదు, బెంగళూరు కుర్రాళ్ల డెత్ మెటల్ బృందం గాడ్‌లెస్ 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' విడుదల చేసింది. ఆ దారిన నడవాలనుకునే కుర్రాడు కలువాయిలో ఉంటే, వంద వాట్ల పెట్టె కోసం ఆరాటపడొద్దంటాను. వంద నుంచి యాభైకి దిగితే తగ్గేది మూడు డెసిబెల్సే. ఇంట్లో ఆ యాభైనీ పూర్తిగా తెరవలేం. 2203 సర్క్యూట్‌నే 20 వాట్లకు కుదించి మార్షల్ 2019లో స్టూడియో క్లాసిక్ తెచ్చింది. మీట మారిస్తే 5 వాట్లకు దిగుతుంది. డిస్టార్షన్ చాలావరకు ముందు వాల్వుల్లోనే పుడుతుంది కాబట్టి మాస్టర్ తగ్గించినా స్వభావం మిగులుతుంది. వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉండే చోట మంచి స్టెబిలైజరు తప్పనిసరి. స్పీకరు తగిలించకుండా వాల్వు యాంపును ఎన్నడూ వాయించకూడదు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. వెనక పలక విప్పే పని మెకానిక్‌కే వదలాలి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉండొచ్చు.

కొట్లో చూసేటప్పుడు గెయిన్ సగానికి, బాస్ సగం కన్నా తక్కువకు పెట్టండి. మీ గిటారే తీసుకెళ్లండి. లావు తీగ మీద పామ్ మ్యూట్‌తో నాలుగు దెబ్బలు కొట్టి చటుక్కున ఆపండి. చెయ్యి ఆగిన క్షణాన యాంపు కూడా ఆగిందా లేదా వినండి. ఆ తర్వాతే మిగతా నాబ్‌ల జోలికి వెళ్లండి.