లెక్క తప్పించని దేవుళ్లు

ఏజ్ ఆఫ్ మైథాలజీ అనే కంప్యూటర్ గేమ్ 2002లో వచ్చినప్పుడు దేవుడి సాయానికి ఒక హద్దు గీసింది. ఒక్కో దైవశక్తిని ఆట మొత్తంలో ఒక్కసారే వాడుకోవాలి. పిడుగు వేస్తే వేసినట్టే, మళ్లీ అడగడానికి లేదు. 2024లో వచ్చిన కొత్త రూపం ఆ హద్దు సడలించి, కూడబెట్టుకున్న అనుగ్రహం చెల్లిస్తే మళ్లీ పిలవొచ్చు అంది. రెండూ పెనుగులాడింది ఒకే చిక్కుతో. దేవుడు అడిగినప్పుడల్లా దిగివస్తే ఎత్తుగడకు విలువ పోతుంది. అసలు రాకపోతే అది దేవుళ్ల ఆటే కాదు. మన పాత ఆటలు ఈ చిక్కును దాటవేశాయి. పులిజూదంలో పులులకూ మేకలకూ బుద్ధిబలం తప్ప దిక్కులేదు, వైకుంఠపాళిలో నిచ్చెనా పామూ పందెం పడినదాన్ని బట్టే గాని ఆడేవాడి తెలివిని బట్టి కాదు. ఈ రెంటికీ నడుమ ఉండాల్సిన పద్ధతి ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అక్కడి నుంచి గోదావరికి ఎగువన మేడారం అడవి దాకా చెప్పుకునే కథల్లో దొరుకుతుంది.

రామదాసు కథే తీసుకుందాం. అసలు పేరు కంచర్ల గోపన్న, నేలకొండపల్లి వాడు, పాల్వంచ పరగణాకు తహసీల్దారు. సర్కారు శిస్తు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, గోల్కొండ కోటలో ఖైదీ అయ్యాడు. గోల్కొండను అప్పుడు ఏలుతున్నవాడు తానీషాగా పేరుపడ్డ అబుల్ హసన్ కుతుబ్ షా. ఆ తర్వాత నడిచిన కథలో రాముడు కోటగోడ కూల్చడు, తానీషాను దండించడు, ఖైదీని మాయం చేయడు. పన్నెండేళ్లు గడిచాక తమ్ముణ్ని వెంటబెట్టుకుని, రామోజీ, లక్ష్మోజీ అనే నౌకర్ల పేర్లతో తానీషా దగ్గరికి వెళ్లి, బాకీపడ్డ ఆరు లక్షలూ చెల్లించి, రసీదు రాయించుకుంటాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ రసీదే. సర్వశక్తిమంతుడు సైతం ఖజానా నియమానికి లోబడ్డాడు. బాకీ ఎంతో అంతే కట్టాడు, పైసా ఎక్కువ లేదు. పోయిన పన్నెండేళ్లు మాత్రం వెనక్కి రాలేదు.

మేడారం కథ ఇంకా కఠినమైనది. కరువులో కప్పం కట్టలేకపోయిన కోయల మీదికి కాకతీయ ప్రతాపరుద్రుడి సేన వచ్చిందని కథ. కోయ నాయకుడు పగిడిద్దరాజు పడిపోయాడు, కూతురు సారలమ్మ పడిపోయింది, కొడుకు జంపన్న దూకిన సంపెంగవాగు జంపన్నవాగు అయింది. వెన్నుపోటు తిన్న అతని భార్య సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనుమరుగైంది. వెతికినవాళ్లకు దొరికింది కుంకుమ భరిణె. దైవం ప్రత్యక్షమైన ఆ ఘడియకు కోయలు యుద్ధం ఎప్పుడో ఓడిపోయారు. అయినా ఓటమిలోంచి ఒక చోటు పుట్టింది. రెండేళ్లకోసారి మాఘమాసంలో జనం కదిలివచ్చే గద్దెలు అవి. ప్రతాపరుద్రుడే పశ్చాత్తాపపడి జాతరకు పూనుకున్నాడని కూడా ఒక కథనం ఉంది.

ఈ కథలను తరతరాలుగా మోసినవాళ్లలో కోయల గాయకులైన డోలీలు ముఖ్యులు. వాళ్ల చేతిలో ఉండేది పడిగె: మూడు మూలల గుడ్డ మీద వేల్పుల, పూర్వీకుల, జంతువుల బొమ్మలు. ఆ బొమ్మలే పాటకు దారి చూపుతాయి. ఏ గట్టు (వంశశాఖ) వాళ్లకు ఆ గట్టు పడిగె, ఆ గట్టు వేల్పు. కాబట్టి దైవం అందరికీ ఒకే తీరుగా అందే ఉమ్మడి నిధి కాదు. ఫలానా వంశానికి, ఫలానా గుట్టకు కట్టుబడినది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. కంచుమేళం కళాకారుడిగా 2022లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2024లో కన్నుమూశారు. కథ అంతా గుండెల్లోనే మోసే గాయకుడు పోతే ఎంత పోతుందో లెక్కగట్టే ఆట ఏదీ ఇంకా రాలేదు.

గెలుపు తేలని దైవసాయం ఆటలో ఎవరికి కావాలి, తెరమీద ఆడేవాడికి ఉత్కంఠ ఏముంటుంది అని ఎవరైనా అడగొచ్చు. భారతంలో దివ్యాస్త్రాలు యుద్ధాన్నే తిప్పాయి కదా అనీ అనొచ్చు. నిజమే, కానీ ఎలా తిప్పాయో చూడాలి. ఇంద్రుడు కర్ణుడికిచ్చిన శక్తి ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్న దాన్ని ఘటోత్కచుడి మీద ఖర్చు చేయించింది కృష్ణుడి ఎత్తుగడ. దేవుడిచ్చిన బలాన్ని ఎదుటివాడు వృథా చేయించగలిగినప్పుడే అక్కడ ఆట పుట్టింది. భద్రాద్రి కథలోనూ ఉత్కంఠకు కొదవ లేదు. కాకపోతే అది ఎవరు గెలుస్తారన్న దానిలో కాక, సాయం అందేలోగా ఎన్నేళ్లు పోతాయన్న దానిలో ఉంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. జనం ఇప్పటికీ మొక్కుతున్న దేవతలను పావులుగా చేయడం తగునా? తగదనే నా అభిప్రాయం. మేడారం గద్దెల మీద విగ్రహమే లేదు. క్యాలెండర్లలో పులినెక్కి కనిపించే సమ్మక్క అచ్చుబొమ్మల కాలం నాటిది. ఆమెను బటన్ నొక్కితే దూకే యోధురాలిగా గీయడం ఆ కథను తలకిందులు చేయడమే. గేమ్ తయారుచేసేవాళ్లు తీసుకోవాల్సింది పేర్లను కాదు, కట్టడిని. ఊహాలోకపు రాజ్యంలో ఒక అధికారి ఖజానా సొమ్ముతో గుడి కట్టాడనుకోండి. పై రాజు అతన్ని ఖైదు చేస్తాడు, ఆటగాడు కొన్ని వంతులపాటు అతని సేవ కోల్పోతాడు. చివరకు దేవత వచ్చి బాకీ మాత్రం తీరుస్తుంది, సరిహద్దు ఒక్క గడి కూడా జరగదు. మరో మూల, కొండజాతి నాయకురాలు ఓడిపోయిన గుట్ట గెలిచిన రాజు పటంలో చేరుతుంది గాని, ఆ గుట్ట నుంచి అతనికి ఇక ఏనాటికీ కప్పం రాదు. పైగా రెండేళ్లకోసారి తన సైనికులే అక్కడికి మొక్కులు చెల్లించడానికి వెళ్తుంటే దారి విడిచి నిలబడాలి.