సరుకు ముందు, పని తర్వాత

ముంబైలోని ధారావి కుట్టు కార్ఖానాల్లో కూలి పీసు రేటు మీద నడుస్తుంది. ముక్కకు 15 రూపాయలు అనుకుందాం. ఏడు డజన్ల చొక్కాలు కుట్టిన మనిషికి ఎంత ముట్టాలి? ఫోర్త్ అనే కంప్యూటర్ భాషకు ఈ లెక్క నేర్పడానికి రెండు వరుసలు చాలు:

: డజన్లు 12 * ;
: కూలి డజన్లు 15 * ;

ఆపైన 7 కూలి . అని కొడితే 1260 అని చూపించి, పక్కనే ‘ఓకే’ అంటుంది. వరుస మొదట్లోని జంట చుక్కలు కొత్త మాటకు నాంది, చివరి గుర్తు దానికి ముగింపు. ఒంటి చుక్క అంటే ‘చూపించు’. మాటల మధ్య ఖాళీ వదలడం మినహా ఇందులో పెద్దగా వ్యాకరణం లేదు. జీఫోర్త్ లాంటి నేటి ఫోర్త్‌లు తెలుగు పేర్లనూ ఒప్పుకుంటాయి.

లోపల ఒక దొంతర ఉంటుంది. ముందుగా 7 అందులో చేరుతుంది, దాని మీద 12 కూర్చుంటుంది. గుణకారం గుర్తు పైనున్న ఆ రెండిటినీ తీసుకుని 84ను పెడుతుంది. తర్వాత 15 వస్తుంది, మళ్లీ గుణకారం, చివరికి 1260 మిగులుతుంది. ‘ఏడుని పన్నెండుతో హెచ్చవేయి’ అన్నప్పుడు తెలుగులోనూ క్రియ చివరనే కదా! ఈ వరుసలో కుండలీకరణాల అవసరమే రాదు. రెండూ మూడూ కూడి, వచ్చినదాన్ని నాలుగుతో హెచ్చవేయాలంటే 2 3 + 4 * అని రాస్తే సరిపోతుంది.

తెలంగాణ నుంచి వలస వచ్చి, కామాటిపురా నుంచి వర్లీ దాకా చాళ్లలో స్థిరపడ్డ పద్మశాలీలు ఎందరో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేశారు. చిత్రంగా ఈ భాష కూడా నేత పరిశ్రమ గడపలోనే రూపు కట్టింది. అమెరికాలో మొహాస్కో అనే తివాచీల కంపెనీలో, 1968 ప్రాంతంలో, చార్లెస్ మూర్ దాన్ని ఐబీఎం 1130 మీద తయారుచేశాడు. నాలుగో తరం సాఫ్ట్‌వేర్ అన్న ఉద్దేశంతో పెట్టదలచిన ‘Fourth’ అనే పేరులో ఆ యంత్రం ఐదక్షరాలకు మించి ఒప్పుకోకపోవడంతో ఒక అక్షరం రాలిపోయింది. 1970ల మొదట్లో అది కిట్ పీక్ రేడియో టెలిస్కోపును నడిపింది. 2014లో తోకచుక్క మీద దిగిన ఫీలే నౌకలోని చిప్‌లు ఫోర్త్ కోసమే మలిచిన రకం.

ఫోర్త్ ఇంత దూరం ప్రయాణించగలగడానికి కారణం దాని చిన్న పరిమాణమే. 1990లో వచ్చిన ‘ఈఫోర్త్’ అనే రకంలో యంత్రాన్ని బట్టి మార్చాల్సిన మూల మాటలు సుమారు 30. మిగతా భాషంతా వాటితో కట్టిందే. కొత్త చిప్ వస్తే ఆ కొద్ది మాటలు తిరగరాస్తే చాలు.

మనిషికీ యంత్రానికీ మధ్య ఫోర్త్ పెట్టే తెర కూడా అంత పల్చనిదే. మాట కొట్టగానే అది అమలవుతుంది; మోటారు తిప్పే మాటనో, దీపం వెలిగించే మాటనో అక్కడికక్కడే పరీక్షించుకోవచ్చు. కంప్యూటర్‌ను నిద్రలేపే ఓపెన్ ఫర్మ్‌వేర్ ఈ పద్ధతి మీదే నిలబడింది. 2007లో ముంబైకి దగ్గర్లోని ఖైరాట్ గ్రామం బడిలో పిల్లలకిచ్చిన ఎక్స్‌ఓ అనే ల్యాప్‌టాప్‌లు దానితోనే తెరుచుకునేవి.

దొంతర పద్ధతి అచ్చులోకీ వెళ్లింది. పేజీని ప్రింటర్‌కు వివరించే పోస్ట్‌స్క్రిప్ట్ భాష ఫోర్త్‌కు దగ్గరి బంధువు. ట్రూటైప్ ఫాంట్లలో అక్షరాన్ని తెర చుక్కలకు సర్దే సూచనలూ దొంతర మీదే నడుస్తాయి. విండోస్ ఎక్స్‌పీతో ఇంటింటికీ వచ్చిన తెలుగు ఫాంట్ గౌతమి ఆ కోవలోదే. దాని రూపకల్పనకు సారథి ముంబై ఐఐటీలో పాఠాలు చెప్పిన రఘునాథ్ జోషి.

అయితే ఈ భాష కాపలా కాయదు. రూపాయలు కూడాల్సిన చోట డజన్లు కూడినా కిమ్మనదు. దొంతరలో ఎప్పుడు ఏముందో రాసేవాడే మనసులో ఉంచుకోవాలి. అందుకే అనుభవజ్ఞులు ఒక్కో మాటను ఒకటి రెండు వరుసలకు మించనివ్వరు. ఏం తీసుకుంటుందో, ఏం మిగులుస్తుందో పక్కనే ( డజన్లు -- రూపాయలు ) అని రాసిపెడతారు. వందమంది కలిసి కట్టే బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కు దీన్ని ఎంచుకోవడం అరుదు. కొద్దిపాటి మెమరీ ఉన్న చిన్న చిప్‌ను ఒక్కరే కూర్చుని మాట్లాడించాలంటే మాత్రం ఫోర్త్‌కు ఇవాళ్టికీ గిరాకీ ఉంది.